నాలుక మీద నూనె

కాక పోయాడని నాకు చెప్పింది గౌలిపురా నుంచి మా షాపుకు పాలు తెచ్చే మనిషి. "మొన్న పొద్దుగాల పోయిండన్నా, నిద్రల్నే" అని, పాలు పోసి, పక్క షాపుకు వెళ్లిపోయాడు. మనిషి పోయాడంటే ఎవరికైనా ముందు ముఖం గుర్తుకొస్తుంది, లేదా ఏదో ఒక మాట. నాకు ఆయన నాలుక గుర్తొచ్చింది. నల్లటి ఇంజన్ నూనె అంటిన నాలుక. చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ పూట మళ్లీ ముట్టలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. రాయబుద్ధి కావడం లేదు. గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన కాకే. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. అలా అనేవాళ్లెవరూ పన్నెండేళ్లపాటు రోజూ ఆయనకు ఎదురుగా కూర్చుని ఉండరు.

నాకు శాలిబండలో లేత్ షాపు ఉంది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో టర్నరుగా పనిచేసి, రిటైరయ్యాక ఒకే ఒక్క పాత లేత్‌తో మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద సర్వీసు సెంటర్లు "ఇది మాతో కాదు" అని తిప్పి పంపిన పనులన్నీ చివరికి ఇలాంటి గల్లీలకే చేరతాయి. అలా కొన్నేళ్ల నుంచి స్పోర్ట్స్ కార్లు కూడా చేరుతున్నాయి. అద్దాలు రెండూ మడిస్తే తప్ప మా గల్లీలోకి రాలేని కార్లు. వాటి వెనక ఆటోవాళ్ల హారన్లు, వాళ్ల వెనక తోపుడుబండివాళ్ల తిట్లు.

ఈ కార్ల బాధ వేరు. రోడ్డు మీద ఎన్నేళ్లయినా బుద్ధిగా తిరుగుతాయి. వాటి యజమానులు ఊరుకోరు కదా, ట్రాక్ డేకు తీసుకుపోతారు. అది పందెమేమీ కాదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, రేసు ట్రాక్ మీద తమకు చేతనైనంత వేగంగా నడుపుకుని ఇంటికి రావడమే. అయితే అక్కడి పొడవాటి మలుపుల్లో కారు తిరుగుతున్నంతసేపూ ఇంజన్ అడుగున చాంబర్‌లో ఉండే నూనె ఒక పక్కకు పోతుంది. పంపుకు నూనె బదులు గాలి అందుతుంది. ఆ రెండు మూడు క్షణాలు లోపలి బేరింగులు ఎండిపోతాయి. ఒకసారి ఎండితే ఏమీ కాదు. మాటిమాటికీ ఎండితే అరిగిపోతాయి. ఆ తర్వాత ఏదో ఒక రోజు లోపలి రాడ్డు ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. అందుకని తెలివైనవాళ్లు ముందే చాంబర్‌లో నూనె కదలకుండా అడ్డపలకలు వేయిస్తారు, కొత్త బేరింగులు వేయిస్తారు, పంపు మారుస్తారు. చిక్కేమిటంటే, ఇవన్నీ చేయాలంటే చక్కగా నడుస్తున్న ఇంజన్‌ను విప్పాలి. బాగున్నదాన్ని విప్పడానికి ఎవరికీ చేతులు రావు. విప్పాలా వద్దా అనే ఆ ఊగులాట మీదే కాక బతికాడు.

ఒకప్పుడు ఆయన బస్సు డిపోలో ఇంజన్ ఫిట్టరు. చేతులు వణకడం మొదలయ్యాక పనిముట్లు పట్టడం మానేసి, మాట్లాడడం మొదలుపెట్టాడు. పొద్దున పదింటికల్లా వచ్చి నా షాపు ముందు ఇనుప స్టూలు మీద కూర్చునేవాడు. చొక్కా జేబులో జర్దా డబ్బీ. నా పనిబల్ల మీద ఉన్న టాపెట్ గేజు తీసుకుని, అందులోని పలచటి ఉక్కు రేకుతో పళ్లు కుట్టుకునేవాడు. వెంట్రుకవాసి సందులు కొలిచే రేకు అది. పళ్లలోంచి తీసిందాన్ని కాసేపు చూసి, రేకును పంచెకు తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టేవాడు. ఎన్నిసార్లు దాచినా వెతికి తీసేవాడు. చివరికి ఆ గేజు ఆయనకే వదిలేసి నేను కొత్తది కొనుక్కున్నాను. వారం తిరక్కుండా ఆ కొత్తదానితోనూ కుట్టుకున్నాడు.

"గదేంది కాకా, గది ఉంది గద నీకు?" అన్నాను.

"గది మొండిగైంది భాయ్" అన్నాడు.

ఇక ఆ నాలుక. కారు వచ్చి ఆగగానే కాక లేచి, బానెట్ ఎత్తమని, నూనె మట్టం చూసే పుల్ల బయటికి లాగేవాడు. దాని చివర వేలితో రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. దవడలు మెల్లగా ఆడించేవాడు. కారు యజమానులు మొదటిసారి చూసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. నేను ప్రతిసారీ లేత్ వైపు తిరిగిపోయేవాణ్ని. అయినా ఆ చప్పుడు వినిపించేది. చప్పరించే చప్పుడు.

కాకది గౌలిపురాలో పాలవాళ్ల ఇల్లు. "మా బాపు పాలచుక్క నాలుక మీద ఏసుకొని, నీళ్లెన్ని కలిసినయో చెప్తుండె" అనేవాడు. "బర్రెకు పొదుగుల వాపొస్తే రెండు దినాల ముందుగాలనే పాలు ఉప్పగైతయ్. సూస్తె ఏం కనవడదు. నాలుకకు తెలుస్తది. ఇంజన్ గూడ గంతే." నూనెలో ఇనుము కలిస్తే ఒక రుచి అట, కంచు కలిస్తే ఇంకో రుచి అట. బేరింగు పైపొర అరిగి, కిందున్న కంచు రంగు పొర బయటపడిందంటే ఇంజన్ రోజులు దగ్గరపడ్డట్టే. ఈ సంగతి కంటికి కనిపించేలోపల ఆయన నాలుకకు తెలుస్తుందట. ఎవరు నమ్ముతారు? చాలామంది నమ్మారు.

నమ్మించే విద్య ఆయనకు అంతటితో అయిపోలేదు. నూనె చప్పరించి, ఓ మూలకు ఉమ్మి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడేవాడు. యజమాని చెమటలు పట్టి "ఏమైంది కాకా?" అనేదాకా ఆగేవాడు. అప్పుడు జేబులోంచి రుమాలు తీసి మడతలు విప్పేవాడు. అందులో అర్ధచంద్రంలా ఉన్న ఒక బేరింగు ముక్క. ఒళ్లంతా గీతలు, అంచున కమిలిన నలుపు. దాన్ని బానెట్ మీద పెట్టి, "పోయిన నెల అచ్చం గిసొంటి కార్ల నుంచే తీసినం. ఆ పిలగాడు ఇప్పటికి సక్కగ నడుస్తలేడు" అనేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఎదుటి మనిషి ముఖం పాలిపోతుంటే ఈయన కళ్లలో ఒక తృప్తి, పండగ పూట కడుపునిండా తిన్నవాడి తృప్తి. అది చూస్తే నాకు నూనె నాకడం కన్నా ఎక్కువ రోత పుట్టేది.

ఒకసారి ఆయన నమాజు వేళకు ఎదుటి టీకొట్టు మూసి ఉందని టీ కోసం మూల మీదికి వెళ్తూ రుమాలు స్టూలు మీద మరిచిపోయాడు. నేను ఆ ముక్క తీసి కొలిచాను. ఏ స్పోర్ట్స్ కారుకూ పట్టనంత పెద్దది. డిపోలో ఉన్న రోజుల్లో ఏ బస్సు నుంచో, లారీ నుంచో తీసి దాచుకున్నది. అదే ముక్క ఎర్ర కారువాడికీ చూపించాడు, తెల్ల కారువాడికీ చూపించాడు. నేను మళ్లీ రుమాల్లో చుట్టి అక్కడే పెట్టాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎందుకనలేదో దాచడం ఎందుకు? ఆయన భయపెట్టిన ప్రతి ఇంజనూ చివరికి నా లేత్ మీదికే వచ్చేది.

ఆ తర్వాత జరిగిందాన్ని మాత్రం నేను మింగలేకపోయాను. పెళ్లి కుదిరిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన కారు తెచ్చాడు. కాక నాకాడు, ఉమ్మాడు, రుమాలు విప్పాడు. పాపం, ఆ అబ్బాయి ఇంజన్ విప్పడానికి ఒప్పుకున్నాడు. తీరా విప్పితే లోపల బేరింగులన్నీ అద్దాల్లా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఉద్యోగి బయట ఫోనులో మాట్లాడుతున్నాడు. కాక వాటిలోంచి రెండు ముక్కలు తీసుకుని, వెలుగుకు వీపు పెట్టి, నా షాపు తాళంచెవితో వాటి మీద అడ్డంగా గీశాడు. కర్‌ర్‌మని చప్పుడైంది. నేను చూశాను. నేను చూడడం ఆయన చూశాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వి, "రా బిడ్డా, సూడు" అని ఆ అబ్బాయిని లోపలికి పిలిచాడు. ఆ అబ్బాయి ఆ గీతలు చూసి కాక రెండు చేతులూ పట్టుకున్నాడు. "పెండ్లికి ముందు ప్రాణం కాపాడినవ్ కాకా" అన్నాడు.

ఆ సాయంత్రం నేను అడిగేశాను. "సిగ్గులేదా కాకా? బాగున్న వస్తువును గీకి చూపెడ్తవా?"

ఆయన ఏమాత్రం బెదరలేదు. "ఏం ఖరాబైంది చెప్పు? ఎట్లైన కొత్తయి ఏస్తమాయె. ఆని ఇంజన్ ఇంకో పదేండ్లు నడుస్తది. రేపు ఆడు ఆ మలుపుల తల పగలగొట్టుకోడు. నిజం చెప్తే ఇనడు, అబద్దమాడితే బతుకుతడు. ఏది మంచిది?"

"మరి అవసరం లేనోనికి గూడ చెప్పవడ్తివి గద?"

"అవసరం ఎవనికి లేదు భాయ్?" అని, గేజు తీసుకుని పళ్లు కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయన మాట ఏదీ నాకు నిజమనిపించలేదు. ఆయన ఎండగా ఉందంటే బయటికి పోయి చూసి వచ్చేంత అసహ్యం పట్టుకుంది. షాపులోంచి వెళ్లగొట్టవచ్చు. వెళ్లగొట్టలేదు. అసహ్యపడుతూనే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

డాక్టరమ్మ మా షాపుకు రావడం ఆ తర్వాత ఏడాదికి. మలక్‌పేటలో పళ్ల క్లినిక్ నడిపేది. వారమంతా జనం పళ్లు పీకి, ఆదివారాలు కారు నడిపేది. ఆమెది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న రెండు సీట్ల కారు. ఎవరో ఫలానా లేత్ షాపు అని చెబితే వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికే నాలుగు ట్రాక్ డేలు తిరిగింది. అడ్డపలకలు వేయించాలా, బేరింగులు మార్పించాలా, లేక ఈసారికి ఇలాగే నెట్టుకురావచ్చా అన్నది తేల్చుకోవడానికి వచ్చింది. మూడు వారాల్లో ఇంకో ట్రాక్ డే ఉంది. ఆ ఏడాదికి అదే ఆఖరిది.

కాక లేచి వచ్చి వేలు నాలుక మీద పెట్టుకోగానే ఆమె కేక పెట్టింది.

"అయ్యో, ఏం చేస్తున్నరు! ఉమ్మెయ్యిండ్రి, ఉమ్మెయ్యిండ్రి ముందు!"

అంతటితో ఊరుకోలేదు. ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి, నోరు తెరవమంది. ఊరంతటినీ భయపెట్టిన కాక చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. నేను జీవితంలో ఆయనను చూసి సంతోషించింది ఆ ఒక్క నిమిషమే. "ఈ జర్దా బంద్ చెయ్యాలె పెద్దాయనా. ఒకసారి క్లినిక్‌కు రాండ్రి, మంచిగ చూస్త" అంది. ఆయన తలూపాడు. ఎప్పుడూ పోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఆయన మళ్లీ కారు దగ్గరికి వెళ్లాడు. పుల్ల తీసి ఇంకోసారి నూనె వేలికి రాసుకుని, ఆమెకు కనిపించకుండా అటు తిరిగి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. ఉమ్మి ఊరుకోలేదు. బయట నల్లా దగ్గరికి పోయి మూడుసార్లు పుక్కిలించి వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. జేబులోని రుమాలు తీయలేదు.

"ఇంజన్ ఇప్పియ్యమ్మా" అన్నాడు మెల్లగా. "నూనెల కంచుంది. చాంబర్ల పలకలు ఏయించు, బేరింగులు మార్పియ్యి. గదంత అయ్యెదాక ట్రాక్‌కు పోకు. రోడ్డు మీద గూడ ఉరికియ్యకు."

ఆయన మామూలు నాటకంలో ఒక్క ముక్క కూడా ఆ రోజు లేదు. ఇప్పుడు రాస్తుంటే ఎంత స్పష్టంగా కనబడుతోందో. అప్పుడు నాకు కనబడలేదు. ఆడదాని ముందు కొత్త వేషం కట్టాడనుకున్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "నేను గూడ రోజు ఇదే చెప్త. నొప్పి లేకున్నా ఆర్నెల్లకోసారి రాండ్రి అని. ఒక్కరు రారు." అంతలోనే ముఖం మారింది. ఆ కారుకు బేరింగులు, పంపు బయటి దేశం నుంచి రావాలి, తక్కువలో తక్కువ ఆరు వారాలు. అప్పటికి ట్రాక్ డే వెళ్లిపోతుంది. ఆ రోజు కోసం ఆమె క్లినిక్‌కు సెలవు పెట్టుకుంది, అపాయింట్‌మెంట్లన్నీ జరిపేసింది. ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి కిందటిసారి తనకు పట్టిన టైములో ఒక్క సెకను తగ్గించాలని పట్టుదల. ఆ సెకను గురించి చెబుతుంటే ఆమె గొంతులో చిన్నపిల్లల ఉబలాటం.

కాక టీకి వెళ్లాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పన్నా. ఇంజన్ ఎట్లుంది?"

నేను ఇంజన్ వైపు చూడలేదు. మూల మీదికి నడిచి వెళ్తున్న కాక వైపు చూశాను.

"గాయన సంగతి నీకు తెల్వదమ్మా" అన్నాను. "ఒచ్చిన ప్రతోనికి గిదే చెప్తడు. జేబుల లారీ బేరింగ్ పెట్టుకొని తిరుగుతడు. పబ్లిక్‌ను పరేషాన్ చేసుడే ఆయన పని. ఫికర్ చెయ్యకు, మంచిగ పోయిరా. వచ్చినంక ఆరాంగ పలకలు ఏద్దాం."

ఆమె ముఖంలో వెలుగొచ్చింది. మనిషికి తాను కోరుకున్న మాట వినిపిస్తే వచ్చే వెలుగు అది. నేను కూడా లోపల మురిశాను. ఇన్నేళ్లకు కాక చేతిలోంచి ఒక మనిషిని తప్పించానని.

ఆ రోజు నూనె మార్చి పంపించాం. ఆ నూనెను వడగట్టిన పాత ఫిల్టరు నా చేతిలోనే ఉంది. నా షాపులో ఒక పద్ధతి ఉంది, మా నాన్న పెట్టింది. ట్రాక్ మీద తిరిగే ఏ బండి ఫిల్టరయినా సరే, రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పెట్టి చూడాలి. బేరింగు అరుగుతుంటే ఆ మడతల్లో కంచు మెరుస్తుంది. పది నిమిషాల పని. అప్పటిదాకా ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు రంపం చేతిలోకి తీసుకున్నాను కూడా. తీసుకుని ఆగాను. ఇది కోశానంటే కాక చెప్పిన మాటకు విలువ ఇచ్చినట్టే. తాళంచెవితో బేరింగులు గీకే మనిషి మాటకు! ఫిల్టరును చెత్త డ్రమ్ములో విసిరేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మూడు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, ఇంజన్ పగిలింది. నా చెయ్యి గూడ." అంతే అంది.

పొడవాటి కుడి మలుపు మధ్యలో రాడ్డు ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. కారిన నూనె మీద వెనక చక్రాలు జారాయి. కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. స్టీరింగు చేతిలో విదిలించుకున్నప్పుడు ఆమె కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ పళ్ల డాక్టరుకు కుడి చెయ్యంటే మామూలు చెయ్యి కాదు. స్టీలు ప్లేటు వేశారు, నెలలు గడిచాయి, అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి చెయ్యి పనికొచ్చింది. పంటి లోపల సన్నని పని చేయడానికి పనికిరాలేదు. పది నిమిషాలు పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయట.

కారును టెంపోలో వేసి నా షాపుకే పంపించింది. విప్పాను. మూడో బేరింగు మీద పైపొర ఎప్పుడో పోయింది. ఒక్క రోజులో పోయింది కాదది. నాలుగు ట్రాక్ డేల నుంచి మెల్లమెల్లగా పోయింది.

మరుసటి రోజు కాక వచ్చాడు. నేను సిద్ధంగా కూర్చున్నాను. "నేను చెప్పలే?" అంటాడని, ఆ ముక్కను కూడా తన రుమాల్లో చుట్టుకుంటాడని. అంటే మొహం మీదే రెండు తిట్టాలని. ఆయన పగిలిన ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. దేన్నీ ముట్టుకోలేదు. డాక్టరమ్మ ఎట్లుందని అడిగాడు. చెప్పాను. తర్వాత అడిగాడు:

"ఫిల్టర్ కోసినవా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తడబడ్డాను. ఆయన కళ్లలోకి చూసే ధైర్యం లేకపోయింది.

"కోసిన" అన్నాను. "ఏం లేకుండె. సాఫ్."

"కంచు కనవడలే?"

"ఏం కనవడలే."

ఆయన చాలాసేపు తన చూపుడు వేలి వంక చూసుకున్నాడు. "గట్లైతే నాకు కంచు తగిలింది ఉత్త భ్రమ" అన్నాడు. "నలుగురు అనుకోవచ్చు, కాక చెప్పింది నిజమైందని. ఉత్త గుడ్డిదెబ్బ తాకింది భాయ్. నాలుక పోయినట్టుంది."

నేను అబద్ధమాడానని అనుమానం కూడా రాలేదు ఆయనకు. ఊళ్లో అందరితో అబద్ధాలాడిన మనిషి, నేను మాత్రం ఫిల్టరు విషయంలో అబద్ధమాడనని నమ్మాడు. ఎందుకంటే నేను రంపం పెట్టి ఫిల్టర్లు కోయడం పన్నెండేళ్లు రోజూ చూశాడు. ఆ నమ్మకం చూసి నాకు ఆయన మీద కాదు, మొదటిసారి నా మీదే రోత పుట్టింది. అయినా నోరు తెరిచి నిజం చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చెప్పలేదు.

ఆ తర్వాత కాక నూనె నాకగా నేను చూడలేదు. కార్లు వచ్చేవి. జనం "ఒకసారి చూడు కాకా" అని బతిమాలేవారు. "నాలుక పనిచేస్తలేదు బిడ్డా, గాయననే అడుగుండ్రి" అని నా వైపు చూపించేవాడు. రుమాలు కూడా బయటికి తీయలేదు. నాలుగైదు నెలల తర్వాత రావడమే మానేశాడు. స్టూలు మీద ఎవరెవరో కూర్చునేవారు. ఇల్లు గౌలిపురాలో ఎక్కడో నాకు తెలుసు. ఒక్కసారి కూడా పోలేదు.

పాలాయన చెప్పిన మూడో రోజు షాపు మూసి మలక్‌పేట వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా ఎవరో ఒకరికి చెప్పకపోతే అన్నం సహించేలా లేదు.

డాక్టరమ్మ క్లినిక్‌లో ఇప్పుడు ఇంకో డాక్టరు కుర్చీ దగ్గర పనిచేస్తున్నాడు. ఆమె పక్కన బల్ల దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో చిన్న అద్దం పట్టుకుని నోళ్లు చూసి, ఏం చేయాలో చెబుతోంది. చేసేది అతను. నన్ను చూసి సంతోషంగా లేచి, కూర్చోబెట్టి, టీ తెప్పించింది. కాక పోయాడని చెప్పాను. "అయ్యో" అంది. క్లినిక్‌కు రమ్మంటే రానే రాలేదని బాధపడింది.

నేను మొదలుపెట్టాను. కాక ఎలాంటివాడో అంతా చెప్పాను. పళ్లు కుట్టుకోవడం, జేబులో లారీ బేరింగు, మనుషుల ముఖాలు పాలిపోతుంటే మురవడం, తాళంచెవితో గీకడం. గీకి నన్ను చూసి నవ్వడం. చెబుతుంటే నాకు తెలియకుండానే గొంతు పెరిగింది, బయట కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. అలాంటి మనిషి మాట ఎట్లా నమ్మమంటావమ్మా, నువ్వే చెప్పు అన్నాను. అన్నీ అయ్యాక, చివర్లో, ఫిల్టరు గురించి చెప్పాను. కోయలేదని. కోశానని కాకతో అన్నానని.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఫిల్టర్ కోసి చూడనీకె ఎంతసేపు పడ్తదన్నా?"

"పది నిమిషాలు."

ఆమె కుడి చెయ్యి బల్ల మీద ఉంది. ఎడమ చేత్తో ఆ మణికట్టు కాసేపు ఒత్తుకుంది. లోపలి నుంచి డాక్టరు ఏదో అడిగాడు. ఒక్క నిమిషం ఆగమంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ రోజు నేను నిన్ను ఆయన గురించి అడగలే అన్నా" అంది. "నా ఇంజన్ ఎట్లుందని అడిగిన."